కోపం లేకుండా ఒక్క పేజీ

1956 మే 1, మంగళవారం
ఉదయం 5:40. ప్రతిజ్ఞ! నేటి నుంచి ఇరవై ఒక్క రోజులు నేను, ఆంజనేయులు, వయసు ఇరవై రెండు, చదువు ఏడో తరగతీ అరవై మూడు కరపత్రాలూ, మా దాజీ పేట్‌లోని కాలేజీ విద్యార్థులకు పనికొచ్చే రాత నేర్పుతాను. అర్జీ, నివేదిక, పని చేసే పద్ధతి. కోపం మాత్రం తెచ్చుకోను.

కారణం: వార్డు ఆఫీసు నోటీసు. జూన్ ఒకటి నుంచి మా గల్లీలో పడుగులు పరచకూడదట, రాకపోకలకు అడ్డమట. గల్లీ పొడుగునా పడుగు సాగదీసి గంజి పెట్టకపోతే ఆ దారం మగ్గం మీద పుటుక్కున తెగుతుంది. ముప్పై ఇళ్ల మగ్గాలు ఆగిపోతాయి. అందులో మా ఇల్లు మొదటిది. పన్నెండో తారీఖులోగా జవాబివ్వాలి. అక్కడి గుమాస్తా ముందే చెప్పాడు: "మా సాహెబ్ ఒక్క పేజీ దాటితే చదవడు. మీ పనేమిటో, పడుగు ఎన్నడూ చూడనివాడికి అర్థమయ్యేలా రాయండి."

గల్లీ పెద్ద పెంటప్ప కాక ఈ పని నా నెత్తిన పెట్టాడు. "కాలేజోళ్లకు షోకులొస్తయి, అర్జీ రాయరాదు. నువ్వు దినాం కాయితాలు నములుతవ్ గదా, నేర్పు. గానీ గరం గాకురా. గరమైతే నీ తాన ఒక్కడు గూసోడు."

నియమాలు:
ఒకటి: ఒక్క పేజీ.
రెండు: అనవసర వాక్యం కనబడితే కోత! (పదకొండో నంబరు కరపత్రం ఇదే చెబుతోంది.)
మూడు: కోపం వచ్చిన ప్రతిసారీ, నాడెలో పెట్టే నూలు కండెలు పది చుట్టి అమ్మకివ్వాలి.

కోపం: 0. కండెలు: 0. ఉత్సాహం: కొలిచే సాధనం లేదు.

మే 2, బుధవారం
సాయంత్రం 5:00. వాచనాలయంలో మొదటి క్లాసు. తొమ్మిది మంది వచ్చారు! బీఏ చదివే రాజారాం. ఇంటర్ చదివే లలిత: బీడీలు చుట్టే చంద్రభాగమ్మకు మనవరాలు, ఆఫీసు భాష మరాఠీ అచ్చేసినట్టు రాస్తుంది. మిగతావాళ్లు గోడకానుకున్నారు.

బల్లెక్కి చెప్పాను: "రాత అలంకారం కాదు, పనిముట్టు! కత్తెరలాంటిది!" చప్పట్లు! బల్ల కాలు ఊడింది, నేను కింద పడ్డాను, ఇంకా చప్పట్లు! నవ్వుతూ లేచాను. కోపం: 0. అమ్మ నమ్మలేదు, నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

ఇంటిపని: పడుగుకు గంజి పెట్టే విధానం రాసుకు రావాలి.

మే 4, శుక్రవారం
రాజారాం నాలుగు పేజీలు తెచ్చాడు. మొదలు ఇలా: "ఉషోదయవేళ బంగారు కిరణములు దాజీ పేట్‌ను ముద్దాడుచుండగా..." రెండో పేజీలో చిలుకలు. మా గల్లీలో చిలుకలెక్కడివి?

"రాజారాం, పడుగేదిరా?" అన్నాను, మెల్లగా. సాక్షి లలిత.
"వస్తదన్నా. మూడో పేజీల బరాబర్ వస్తది. జరంత అందం ఉండాలె గద."

సుద్దముక్క నా చేతిలోంచి వెళ్లిపోయింది. నేను విసరలేదు, అది వెళ్లింది. లాంతరు చిమ్నీ పగిలింది.

కోపం: 1. కండెలు: 10.

మే 7, సోమవారం
ఐదుగురే వచ్చారు. గోడకానుకున్నవాళ్లలో పోచయ్య సినిమాకు పోయాడట. ఇంకొకడు దరఖాస్తులో "నేను చాలా దుఃఖంలో ఉన్నాను" అని ఆరుసార్లు రాశాడు. దేనికి దరఖాస్తో మాత్రం రాయలేదు.

గమనిక: నాది కోపం కాదు. నా గొంతు పెద్దది. రెండూ వేరు. అయినా నిజాయితీ కోసం లెక్కలో వేస్తున్నాను. మొత్తం కోపం: 4. కండెలు: 40.

అమ్మ కండెల బుట్ట చూసి మురిసిపోయింది. "రేపు గూడ క్లాసున్నదా బిడ్డా? ఆ రాజారాంను తప్పకుండ రమ్మను."

మే 10, గురువారం
లలిత తెచ్చింది! ఏడు వాక్యాలు! చిలుకల్లేవు! ఆనందంతో గల్లీలో ఒక చుట్టు పరుగెత్తి వచ్చాను.

తర్వాత ఎర్ర పెన్సిల్ తీశాను. ఆరో వాక్యం: "గంజి పూసిన పడుగును, ఇటు ఇద్దరు అటు ఇద్దరు నిలబడి, పూర్తిగా ఆరేదాకా కుంచెతో ఆపకుండా దువ్వాలి." అనవసరం! పాలు తాగే పిల్లకు కూడా తెలిసిన సంగతి. కోత!

"మనకెర్కే అన్నా. సాహెబ్‌కెర్కనా?" అంది లలిత.
"నియమం రెండు!"
"నియమం మంచిదే. గానీ ఆయన పడుగు సూడలేదంటున్న."
"పదకొండో నంబరు కరపత్రం చదివినవా నువ్వు?"

ఇక్కడ గొంతు మళ్లీ పెద్దదైంది. రెండుసార్లు. లలిత మరాఠీలో సాఫు ప్రతి రాసింది. ఆరు వాక్యాలు. చివర: "పై పనికి పట్టే సమయం మేరకు గల్లీ ఇప్పించ ప్రార్థన."

కోపం: 6. కండెలు: 60.

మే 12, శనివారం
అర్జీ ఇచ్చాం! గుమాస్తా కాగితం తిప్పి చూశాడు, వెనక ఖాళీ! "వాహ్, ఒక్కటే పేజీ!" అన్నాడు. దారంతా నేల మీద నడిచినట్టు గుర్తు లేదు. రాజారాంను కూడా కౌగిలించుకున్నాను. కోపం ఈరోజు సున్నా.

మే 16, బుధవారం
ఉదయం 11:00. జవాబు వచ్చింది. మంజూరు!
11:01. పూర్తిగా చదివాను.

"మీరు రాసిన పద్ధతి ప్రకారం గంజి పూసి పడుగు ఎత్తుకోవడానికి అరగంట చాలును. కావున రోజూ ఉదయం ఆరు నుంచి ఆరున్నర వరకు అనుమతి."

పెంటప్ప కాక కాగితం నా చేతిలో పెట్టాడు. "అర్ధ గంటల గంజి ఆర గూడ ఆరదుర."

ఆఫీసు మీద కోపం. రాజారాం మీద కోపం (కారణం లేదు). పదకొండో నంబరు కరపత్రాన్ని నాలుగు ముక్కలు చేశాను. ఒక్కరోజులో తొమ్మిది! మొత్తం 15. కండెలు: 150.

అప్పుడు లలిత వచ్చి తన పాత కాగితం ముందు పెట్టింది. ఆరో వాక్యం మీద నా ఎర్ర గీత. దాన్ని వేలితో రుద్దాను, పోలేదు. అప్పుడు నాకు కలిగింది కోపం కాదు. దానికి డైరీలో గడి గీయలేదు.

మే 17, గురువారం
ఆఫీసుకెళ్లి అరుస్తానని చెప్పులు వేసుకున్నాను. లలిత గుమ్మంలో అడ్డం నిలబడింది.
"ఒర్లకన్నా. సాహెబ్‌ను గల్లీకి పిలుద్దాం. నువ్వు రాయించిన కాయితంల ఎట్లున్నదో అట్లనే చేసి సూపిద్దాం."
"పడుగు ఖరాబైతది గద!"
"గదే చూడాలె ఆయన."

ఎవరి పడుగు? ముప్పై ఇళ్లలో ఎవరూ ఇవ్వరు. మా నాయిన నర్సప్ప దగ్గర నిలబడ్డాను. ఆయన మగ్గం ఆపాడు.
"నువ్వు కొట్టేసిన లైనుకు నా పడుగా?"
"అవును నాయినా."
మూలనున్న కొత్త పడుగు నా వైపు తోశాడు. "తీస్కపో. చిక్కు మాత్రం నువ్వే ఇప్పాలె, ఒక్కొక్క పోగు."

చెప్పుల దగ్గర అరిచింది ఒకటి. కోపం: 16. కండెలు: 160.

మే 19, శనివారం
ఉదయం 6:00. సాహెబ్ సైకిల్ మీద వచ్చాడు. గల్లీ అంతా గుమికూడింది. ఆయన అర్జీ చదువుతుంటే మేం చేశాం. పరచండి. పరిచాం. గంజి పూయండి. పూశాం. చుట్టి ఎత్తుకోండి. చేతులు కుంచెల కోసం వాటంతటవే పోతున్నాయి! పెంటప్ప కాక తన చేతులు చంకల్లో పెట్టుకున్నాడు. తడి పడుగు చుట్టేశాం. 6:28.

సాహెబ్ చాయ్ తాగాడు. ఎండ ఎక్కాక "విప్పండి" అన్నాడు.

విప్పితే కదా! పోగులన్నీ అంటుకుని అట్టలా బిగుసుకున్నాయి. సాహెబ్ ఒక పోగు పట్టి లాగాడు, పడుగంతా లేచి వచ్చింది. "అరే బాబా, దీంతో దుప్పటి నేయరు, తలుపు చేస్తారు!" గల్లీ అంతా నవ్వింది. మా నాయిన నవ్వలేదు.

"మరి ఈ దువ్వే పని అర్జీలో ఎందుకు రాయలేదు?" అన్నాడు సాహెబ్.

నేను అరిచాను. దాజీ పేట్ చివరిదాకా వినిపించిందట. "రాసింది సాహెబ్! ఈ లలిత రాసింది! నేను కొట్టేసిన! తప్పు నాది!"

ఆయన ఆ వాక్యం లలిత చేత చదివించుకున్నాడు. "సోమవారం దీన్ని కలిపి తీసుకురండి. పేజీ దాటినా చదువుతాను."

అమ్మను అడిగాను, ఇది కోపం కిందికి వస్తుందా అని. "ఒర్లితివా లేదా? పది కండెలు."
మొత్తం 17. కండెలు: 170.

మే 21, సోమవారం
ఇరవై ఒకటో రోజు. ఉత్తర్వు: ఉదయం ఆరు నుంచి తొమ్మిది వరకు! ముప్పై ఇళ్లకు!

క్లాసులో తొమ్మిది మందీ వచ్చి పంతులును మార్చేశారు. లలిత బల్ల దగ్గర. నేను ముందు వరసలో, ఒళ్లో పడుగు చిక్కు. ఇప్పటికి రెండు వందల పోగులు విప్పాను. నాయిన వచ్చి పక్కన కూర్చుని రెండో కొస పట్టుకున్నాడు.

మే 22, మంగళవారం
ఉదయం 6:00. కొత్త ప్రతిజ్ఞ! నేటి నుంచి ఇరవై ఒక్క రోజులు, కోపం లేకుండా నేర్చుకుంటాను. నియమం ఒకటే: వాక్యం కొట్టేసే ముందు పడుగు చూడనివాడిని అడగాలి. గల్లీలో మూడు పడుగులు, పన్నెండు కుంచెలు, ఒక్కటీ ఆగడం లేదు. ఎంత బాగుందో!

కోపం: 0. కండెలు: 0.

6:20. రాజారాం వచ్చాడు. కొత్త వ్యాసం తెచ్చాడు. ఒక్క పేజీయే! శభాష్!
6:21. మొదటి వాక్యం: "ఓ కుంచే! నిన్ను చూచిన చిలుకలు..."
6:22. అమ్మా, నూలు తే.