పతకం వార్తలో లేని ఊరు

గుంటూరు

జయరావు గారికి,

చిలకలూరిపేట వార్తలు మీరింకా పత్రికకు పంపుతూనే ఉన్నారని తెలిసి రాస్తున్నాను. ఫోన్ చేస్తే తిడతారని ఉత్తరం.

మొన్న మా యూనివర్సిటీ స్నాతకోత్సవం ప్రెస్‌నోట్ నేనే రాశాను. ఇప్పుడు నా ఉద్యోగం అదే కదా. వీసీ గారి ప్రసంగానికి చోటు చాలక, పతకాలు వచ్చిన పిల్లల తల్లిదండ్రుల పేర్లు, ఊళ్లు కొట్టేశాను. మీ దగ్గర విలేకరి పని నేర్చుకున్న నేనే కొట్టేశాను.

మర్నాడు ఆదెమ్మ అనే ఆమె పేపరు పట్టుకుని మా ఆఫీసుకు వచ్చింది. మిరప కోతలకు వెళ్లే మనిషి.

"జాస్మిన్ అని ఒట్టి పేరే ఉందమ్మా. మా పేటలోనే నలుగురు జాస్మిన్‌లున్నారు. మా పిల్లేనంటే ఎట్టా నమ్ముతారు?" అంది.

మళ్లీ ప్రెస్‌నోట్ పంపడానికి ఇక్కడ ఒప్పుకోలేదు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మీ పేజీలో ఒక్క వాక్యం వేయించండి: కెమిస్ట్రీలో బంగారు పతకం సాధించిన జాస్మిన్, తల్లి ఆదెమ్మ, చిలకలూరిపేట.

పదో తరగతిలో నాకు స్కూలు ఫస్టు వచ్చినప్పుడు, "తండ్రి బుడే, పత్తి జిన్నింగు మిల్లు కార్మికుడు, చిలకలూరిపేట" అని మీరు కలిపి రాశారు. ఆ పేపరు ముక్కను నాన్న చాలా ఏళ్లు తన క్యారేజీ సంచిలోనే పెట్టుకుని మిల్లుకు వెళ్లేవాడు. ఆయన పోయాక నేను తీసి దాచుకున్నాను. మీకెప్పుడూ చెప్పలేదు.

బుడే కూతురు,
చిలకలూరిపేట