రానివాళ్ళ పేరున మునక

సుజాతా,

నువ్వు పోయాక మొదటిసారి లాంగ్ డ్రైవ్ చేశాను. ఎప్పటినుంచో చూడాలన్నావే, ఒరెగాన్‌లో ఆ లావా గుహ, అక్కడికే. మన మేఘన కూడా వచ్చింది. రెడ్‌మండ్‌లో మన ఇంటి నుంచి రోజంతా పట్టింది, నడుం పట్టేసింది. పక్కసీట్లో నువ్వు వాగుతూ ఉండబట్టే ఇన్నేళ్ళూ నాకు కునుకు రాలేదని దారిలో తెలిసింది.

గుహ మాడిన పెనంలా నల్లగా ఉంది. లోపల వేడినీళ్ళ బుగ్గ, నిండా అగ్గిపుల్ల గీసిన వాసన. దిగే ఓపిక లేక గట్టు మీదే కూలబడ్డాను. మేఘన ఊరుకుంటేనా, చెయ్యి పట్టి లాగింది.

నువ్వు ఏ నీళ్ళు కనపడినా ముందు మునిగేదానివి. తర్వాత మనతో రానివాళ్ళ పేర్లు చెప్పి ఒక్కొక్కరికీ ఒక్కో మునక వేసేదానివి. మా అమ్మకి, మీ అన్నయ్యకి, ఆఖరికి మన కింద అపార్ట్‌మెంట్ ఆంటీకి కూడా. జలుబు చేస్తుంది, ఇక బయటికి రమ్మని నేను గట్టు మీద విసుక్కునేవాణ్ణి.

నిన్న ఆ పని నేనే చేశాను. మా అమ్మకి, మీ అన్నయ్యకి, ఆంటీకి మునకలు వేసి, ఆయాసపడుతూ బయటికి వస్తుంటే మేఘన ఆపింది.

"అమ్మకి కూడా డిప్ చెయ్యి, నాన్నా."

చెవుల్లో నీళ్ళు పోయాయి, వినపడలేదని చెప్పి టవల్ అందుకున్నాను.

అది రానివాళ్ళ కోసం వేసే మునక. నిన్ను వాళ్ళలో కలపడానికి మనసొప్పలేదు.