మంగ చెప్పిన వాక్యం

అమ్మా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. అయినా సెలవు పెట్టలేదు. ఆంధ్ర రాష్ట్రం వచ్చాక మొదటిసారి మా ఏలూరు బడికి ఇన్‌స్పెక్టరుగారు వచ్చే రోజు మరి.

ఒకే మనిషి చేసే నాలుగైదు పనుల్ని ఒక్క వాక్యంలో చెప్పడం ఇవాళ్టి వ్యాకరణ పాఠం. ఇన్‌స్పెక్టరుగారు పక్కన కుర్చీలో కూర్చుని చూస్తుండగా ఉదాహరణ అడిగాను. చేపలమ్మే తల్లితో రోజూ కొల్లేటి లంక నుంచి వచ్చే మంగ గబుక్కున లేచింది.

"మా అమ్మ వల లాగి, చేపలేరి, గంపకెత్తుకుని, ఏలూరొచ్చి అమ్ముద్దండి!"

తప్పేముందమ్మా? అచ్చంగా నువ్వే. కానీ ఇన్‌స్పెక్టరుగారు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని నవ్వారు.

"మీదీ ఆ లంకలేనాండీ, మేష్టారూ?"

"అబ్బే, కాదండీ" అనేశాను. అంతటితో ఊరుకోలేదు. "చేపల గొడవెందుకే? మంచి వాక్యం చెప్పు" అని మంగని కసిరాను.

ఆ పిల్ల కూర్చుని, తల వంచుకుని, తన అరచేతులు వాసన చూసుకుంది.

నా పలక ముట్టుకునే ముందు నువ్వు చింతపండుతో చేతులు తోముకునేదానివి. అక్కర్లేదమ్మా అని నేనొక్కసారైనా అనలేదు.

పిల్లలందరూ వెళ్లాక నా అరచేతులూ వాసన చూసుకున్నాను. సుద్ద వాసన తప్ప ఏమీ రాలేదు.