ఎర్ర సున్నాలు చుట్టిన ఫోటో

అల్లూరు.

చిరంజీవి నరేంద్రబాబుకు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ మేమందరం క్షేమం, అక్కడ నువ్వు కూడా క్షేమమని తలుస్తాను. ఉత్తరం ఇలాగే మొదలుపెట్టాలని మా బడిలో నేర్పారు కాబట్టి రాశాను. ఈ ఇంట్లో ఎవరెంత క్షేమంగా ఉన్నారో పూర్తిగా చదివితే నీకే తెలుస్తుంది.

చేతిలో ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఏమిటని నవ్వుకోకు. ఫోన్‌లో నేను రెండు మాటలు మాట్లాడేసరికి "చెరువు కాడ పనుందిమా" అని పెట్టేస్తావు. ఉత్తరాన్ని మధ్యలో పక్కన పడేసినా మిగతా సగం నీ బల్ల మీదే ఉంటుంది. మామూలుగా నా మెసేజ్‌లు మీ చెల్లెలు భాను కొట్టిపెడుతుంది. ఇది మాత్రం నేనే రాస్తున్నాను. అక్షరాలు ఎగుడుదిగుడుగా ఉంటాయి, ఓర్చుకో. ఎగుడుదిగుడుగా ఉండేవి నీకు పడవని తెలిసే రాస్తున్నాను.

మీ నాన్న మోకాళ్ళు ఎలా ఉన్నాయని అడిగావు. అలాగే ఉన్నాయి. కోతలు అయిపోయాయి, ధాన్యం ఆరబోశాం. ఆయన పొద్దంతా అక్కడే కుర్చీ వేసుకొని కాకులను తోలుతున్నాడు. భాను పెళ్ళి పనులు ఎంతవరకు వచ్చాయని అడిగావు. కావలిలో కల్యాణ మండపం మాట్లాడాం. పెళ్ళికొడుకు మంచివాడే, రోజూ ఫోన్ చేస్తున్నాడు. ఈ మధ్య భాను ఆ ఫోన్ ఎత్తడం లేదు. ఎందుకో కింద రాస్తాను.

ఇక అసలు సంగతి. నీ పెళ్ళాం సాయిలక్ష్మిని వచ్చే నెల నీ దగ్గరికి పంపాలా, బుచ్చిలో వాళ్ళ అమ్మ ఇంటికి పంపాలా అనేది నన్నే తేల్చమన్నావు. తేల్చాను. కానీ ఆ మాట చివర్లో చెబుతాను. ముందే చెబితే మిగతాది చదవవు, నీ సంగతి నాకు తెలియదా?

పెళ్ళి చేసుకొని ఆ పిల్లను గుజరాత్ తీసుకుపోయావు. నెల తిరక్కముందే రైలెక్కించి మా మీదికి పంపావు. ఎందుకురా అంటే కాస్త కూడా సిగ్గులేకుండా చెప్పావు. "తొడల మింద గుంటలుమా. సెల్యులైట్ అంటారు దాన్ని. నారింజ తొక్క మాదిరి ఉండాది. నేను వీడియోలు పంపిస్తా, తగ్గించి నా కాడికి తోలు. మన ఇంట్లో ఆడోళ్ళకి ఇట్టాంటివి లేవు గదా, భానుని చూడు ఎంత సన్నంగా ఉండాదో" అన్నావు. రొయ్యను పట్టి వెలుతురుకు ఎత్తి, తిప్పి చూసి, మచ్చ ఉందా లేదా చెప్పడం నీ ఉద్యోగం. కట్టుకున్న పిల్లను కూడా అలాగే ఎత్తి చూశావని నాకు అప్పుడే అర్థం కావాల్సింది. కాలేదు. చదువుకున్నవాడు, తెలిసే చెబుతున్నాడనుకున్నాను.

నువ్వు చెప్పినవన్నీ చేశారా అని అడిగావు. చేశాం. కాఫీ పొడి, ఉప్పు, కొబ్బరినూనె కలిపి రోజూ రుద్దాను. ఎండిన బ్రష్‌తో కింది నుంచి పైకి తోమమన్నావు. బ్రష్‌కు డబ్బు దండగని కొబ్బరి పీచుతో తోమాను. గూడూరు నుంచి నిమ్మకాయలు తెప్పించారా అన్నావు. బుట్టెడు తెప్పించాం. పీచుతో గీరుకుపోయిన చోట నిమ్మచెక్క పెట్టి రుద్దితే ఎలా ఉంటుందో నీ వీడియోలో చెప్పలేదు. ఆ పిల్ల స్నానాల గదిలో గోడ పట్టుకొని నిలబడేది. "మంటగా ఉంది అత్తా" అనేది. "మంట పుడితేనే కరిగేది. కదలబాకమ్మే" అనేదాన్ని. నా చేతి బలం నీకు కొత్త కాదు, చిన్నప్పుడు నీ వీపు మీద పడేది.

అన్నం ఒక్క పూట చేశాను. రెండో పూట దోసకాయ ముక్కలు. మీ నాన్న జువ్వలదిన్నె నుంచి చేపలు తెస్తే పులుసు పెట్టి, మేమందరం తింటుంటే ఆ పిల్లను ఎదురుగా కూర్చోబెట్టాను, మనసు గట్టిపడుతుందని. నీ దగ్గర దాచడం ఎందుకు, నాకు అందులో కొంచెం సంతోషంగా కూడా ఉండేది. అత్తనయ్యాక నా మాటకు ఎదురు లేకపోవడం అదే మొదలు. పొద్దున్నే కాలవ గట్టు మీద నడిపించేదాన్ని. ఎవరైనా అడిగితే "పిల్లకి షుగరు" అని చెప్పేదాన్ని. పెళ్ళై ఏడాది కాని పిల్లకు షుగరు అంటగట్టాను.

చివరికి ఎడమ తొడ వెనక పుండు పడింది. చీము పట్టింది, జ్వరం వచ్చింది. నెల్లూరు తీసుకుపోయాను. చర్మం డాక్టరమ్మ ఏంజెలిన్ గారు కట్టు కట్టి, నా వంక చూసి "ఎవరమ్మా ఇట్ట రుద్దింది?" అన్నారు. నేనే అన్నాను. "మీకూ ఉంటాయి ఇవి. ఎప్పుడన్నా ఎనక్కి తిరిగి చూసుకున్నారా?" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. కానీ కట్టు కట్టిన మనిషిని ఏమంటాం?

ఆమె చెప్పింది నీకు కూడా తెలియాలి, విను. ఇది జబ్బు కాదట. చర్మం కింద కొవ్వు ఉంటుంది, చర్మాన్ని కిందికి పట్టి ఉంచే పోగులు ఉంటాయి. పరుపు కుట్టినప్పుడు దారం లాగిన చోట గుంట పడి, పక్కన దూది ఉబ్బుతుంది చూడు, అదే ఇది. మగవాళ్ళకు ఆ పోగులు అడ్డంగా అల్లుకొని ఉంటాయి కాబట్టి పైకి కనపడదు. ఆడవాళ్ళలో నూటికి ఎనభై మందికి పైనే ఉంటుందట, లావు వాళ్ళకూ, సన్నవాళ్ళకూ. తల్లికి ఉంటే బిడ్డకు రావడం ఎక్కువట. "మరి ఈ కాఫీ పొడులూ?" అని అడిగాను. "రుద్దినాక కాసేపు చర్మం బిగువుగా కనపడద్ది. సాయంత్రానికి మళ్ళీ మామూలే. నడవనీండి, గుంజీళ్ళు తియ్యనీండి, కడుపునిండా తిననీండి. కండ గట్టిపడితే గుంటలు కొంచెం తక్కువ కనపడతాయి. పస్తులు పెడితే కండ పోయి ఇంకా ఎక్కువ కనపడతాయి. మొత్తం పోవు. పోవాల్సిన పని కూడా లేదు" అన్నారు.

ఇదంతా నీకు ఫోన్‌లో చెప్పబోయాను. "డాక్టర్లు అట్టనే అంటారు, ముందు ఫోటో పంపించు" అని పెట్టేశావు. సన్నవాళ్ళకు కూడా ఉంటుందన్న మాట నా చెవిన పడింది గానీ తలకెక్కలేదు. ఎక్కి ఉంటే ఈ ఉత్తరం రాసే పని ఉండేది కాదు.

ఇప్పుడు ఫోటో సంగతి. నువ్వు రోజూ అడిగావు, మేము పంపాం. నీ జవాబు నాకు కంఠతా వచ్చింది. నువ్వు మరిచిపోయి ఉంటావేమో, రాస్తున్నాను. జబ్బు చేసిన రొయ్య ఫోటో మీద మచ్చ మచ్చకూ ఎర్ర గీతతో సున్నా చుట్టి కంపెనీ వాళ్ళకు పంపుతావే, ఆ తొడ మీద గుంట గుంటకూ అలాగే చుట్టి పంపావు. కింద ఇలా రాశావు: "తగ్గలేదు, ఇంకా పెరిగింది. చూస్తుంటే కడుపులో తిప్పుతోంది. ఈ సరుకు నాకొద్దు. వచ్చే నెలకి తగ్గించి నాకు తోలతావో, వాళ్ళమ్మ ఇంటికే తోలేస్తావో నువ్వే తేల్చు."

నరేంద్రా, ఆ కాలు సాయిలక్ష్మిది కాదు. మన భానుది.

ఎలా జరిగిందో చెబుతాను. సాయిలక్ష్మి కాలికి కట్టు ఉంది, ఫోటో తీసే వీలు లేదు. పంపకపోతే నువ్వు ఆ పిల్లను వదిలేసేలా ఉన్నావు. అప్పుడు భానే అంది, "నా కాలు తీసి పంపుదాంమా. తొడ వరకే గదా, మొకం కనపడదు. నేను సన్నంగానే ఉండా గదా, తగ్గిపోయిందనుకుంటాడు. వదిన పోయి సుకంగా ఉంటది" అని. చిన్నప్పటి నుంచి ఇంట్లో అందరూ సన్నజాజి అన్న పిల్ల. తన తొడ వెనక ఎలా ఉంటుందో తనెప్పుడూ చూసుకోలేదు, ఏ ఆడపిల్ల చూసుకుంటుంది? అన్నను మోసం చేస్తున్నామని కాసేపు జంకింది, అంతే. నేను సరే అన్నాను. కిటికీ దగ్గర నిలబెట్టి సాయిలక్ష్మే ఫోటో తీసింది. ఆ పూట కళ్ళద్దాలు పెట్టుకోలేదు, నేను చూడలేదు.

నీ జవాబు వచ్చినప్పుడు ఫోన్ భాను చేతిలోనే ఉంది. "అన్న ఏమన్నాడో చూద్దాం రా వదినా" అని నవ్వుతూ తెరిచింది. చదివింది. ఆ సున్నాలను వేళ్ళతో పెద్దవి చేసి చూసింది. తర్వాత లోపలికి పోయి తలుపు వేసుకుంది. ఆ తలుపు చప్పుడుకు సాయిలక్ష్మి నవ్వింది. "ఏంది నవ్వతావు? ఫోటో తీసేటప్పుడు చూడలేదా నువ్వు?" అన్నాను.

"చూసినానత్తా. బాగా కనపడినాయి. మీ ఇంట్లో ఆడోళ్ళకి ఉండవన్నాడు గదా, ఒకసారి చూసుకోనీలే అని పంపినా" అంది.

నేను కొడదామని చెయ్యి ఎత్తి, మళ్ళీ దించేసుకున్నాను. పీచు పట్టుకొని దాని కాళ్ళు తోమింది ఆ చెయ్యే. దానికి నీ మీద ఉన్న కసి నా బిడ్డ మీద తీరింది. అందులో నా వంతు, నీ వంతు ఎంతెంతో లెక్క తేల్చే ఓపిక నాకు లేదు. నాకు మాత్రం నీ మీదే కోపంగా ఉంది. కన్న కొడుకువు కాబట్టి కోప్పడటానికి దగ్గరగా ఉన్నావు.

భాను ఇప్పుడు అన్నం ముందు కూర్చొని లేచిపోతోంది. అద్దానికి వీపు పెట్టి నిలబడి, మెడ విరిగేట్టు వెనక్కి తిప్పి చూసుకుంటోంది. డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను. పరుపు సంగతి చెప్పాను, నూటికి ఎనభై మంది సంగతి చెప్పాను. చీర కుచ్చిళ్ళు ఎత్తి నా తొడలు కూడా చూపించాను. నాకూ ఉన్నాయి. ఈ ఇంటి ఆడవాళ్ళందరికీ ఉన్నాయి, నిన్ను మోసిన దాంతో సహా. భాను చూసి, "అమా, సొంత అన్నకే కడుపులో తిప్పితే ఆయనకి తిప్పదా?" అంది. రోజూ ఫోన్ చేసే ఆ పిల్లవాడి గురించి. దీనికి జవాబు నువ్వు చెప్పు.

ఇదంతా నీకు చెప్పొద్దనే భాను నా చేత ఒట్టు వేయించుకుంది. ఒట్టు తప్పాను. చెప్పకపోతే నువ్వు అక్కడ హాయిగా నిద్రపోతావు. ఆ హాయి నీకు ఉండటం నాకు ఇష్టం లేదు.

నన్ను తేల్చమన్నది ఇదిగో. సాయిలక్ష్మి నీ దగ్గరికి రాదు. నేను అడగకముందే ఆ మాట తనే చెప్పింది. వాళ్ళ అమ్మ ఇంటికి కూడా పోదు. భాను పెళ్ళి వరకు ఇక్కడే ఉంటుంది, ఆ తర్వాత నెల్లూరులో ఏదో ఒక పని చూసుకుంటుందట. నవ్విన మర్నాటి నుంచి భాను గది ముందు కంచం పెట్టుకొని కూర్చుంటోంది. దానికి మాత్రం భాను ఇంకా తలుపు తియ్యలేదు. "నువ్వు తినేదాకా నేనూ తినను" అంటోంది సాయిలక్ష్మి. దానికి పస్తులు అలవాటు చేసింది మనమే.

ఇంకొక మాట. పెళ్ళిలో హోమం దగ్గర పెళ్ళికూతురి దోసిట్లో పేలాలు పొయ్యాల్సింది అన్న. నువ్వు చిన్నప్పుడే పీటల మీద ఆ ఆట ఆడేవాడివి, భానును కూర్చోబెట్టి. నిన్న భాను తలుపు అవతలి నుంచే చెప్పింది. "నా చేతుల మింద అన్న చెయ్యి పడకూడదు. పెంచలకృష్ణన్న పోస్తాడు" అని. మీ పెదనాన్న కొడుకును అడిగాం, ఒప్పుకున్నాడు. మీ నాన్న పొద్దంతా ధాన్యం దగ్గర కూర్చొని వచ్చి "దాని ఇష్టం" అన్నాడు.

నిన్ను రావద్దని ఎవరూ అనలేదు. రా. ముందు వరసలో కుర్చీ వేయిస్తాను. సొంత అన్న ఎదురుగా ఉండగా పేలాలు వేరేవాడు పోస్తున్నాడేమని అందరూ నిన్నే అడుగుతారు. నిజం చెబితే చెల్లెలి ఒంటి సంగతి పెళ్ళివారి చెవిన పడుతుంది, కాబట్టి చెప్పడానికి లేదు. తాగుతాడంటారు, పొలం కోసం కొట్లాడాడంటారు, ఏమైనా అంటారు. తల వంచుకొని విను. కాదనకు. భోజనం చేసి సాయంత్రం రైలుకు వెళ్ళిపో.

ఇట్లు,
నీకు తల్లిని కాకుండా పోయే దారి లేని
ఆదిశేషమ్మ