తెరబండిలో ఎండ

అన్నయ్యకు,

అమ్మ జబ్బు నేను ఇల్లు దాటడానికి వెతుక్కున్న సాకని రాశావు. ఇల్లు దాటాలని నాకుంది, నిజమే. కానీ ముట్లుడిగిన దగ్గర్నుంచీ అమ్మకు ఎముకలన్నీ నొప్పులు. గొంతు దగ్గర వాపు కూడా పెరుగుతోంది. ఒంటికి ఎండ తగలాలనీ, గొంతు నెల్లూరులో చూపించాలనీ గూడూరు డాక్టరమ్మ చెప్పింది. ఘోషా తప్పకూడదని నాయనమ్మ, అమ్మను తెరలు కట్టిన గూడుబండిలో మిట్టమధ్యాహ్నం సముద్రం దాకా తిప్పించింది. ఇదేమిటని అడిగితే, "ఎండలోనే గదే తిప్పినాం! బండి నీడన పోయిందా?" అంది. నాయన నవ్వాడు. అమ్మ కూడా నవ్వబోయి, గడప దాటలేక నా భుజం పట్టుకుంది. నెల్లూరు మాటెత్తితే, "ఆ వయసుకు అందరికీ ఉండేదే" అని నాయన లేచిపోతున్నాడు.

సోమవారం పొద్దున బస్సులో అమ్మను నెల్లూరు ఆస్పత్రికి తీసుకుపోతున్నాను. నాయనను అడగను.

నీ చెల్లెలు