రోజీ ఉపవాసం

ఇల్లందు,
భస్మ బుధవారానికి ముందు సోమవారం.

ప్రియమైన కోడలు జెస్సికాకు,

ప్రభువు దయవల్ల మేమిద్దరం క్షేమం. చర్ల దాటి ఆ అడవి ఊళ్ళో, కొత్త నర్సు ఉద్యోగంలో నువ్వూ క్షేమమేనని నమ్ముతూ మీ అత్తమ్మ విశ్రాంతమ్మ రాస్తున్నది. అక్కడ నీకు సిగ్నల్ లేదు. ఇక్కడ నాకు ఫోన్‌లో చెవి సరిగా వినపడదు. ఉత్తరమైతే ఎన్నిసార్లయినా చదువుకోవచ్చు. మీ వైపు వచ్చే బస్సు డ్రైవరు లచ్చిరాం చేతికిస్తే దవాఖానాలో ఇచ్చి పోతానన్నాడు.

మొన్న షాలేమ్‌రాజు బోరు లారీతో ఛత్తీస్‌గఢ్ వెళుతూ ఒక గాజు పెట్టె తెచ్చి బల్లమీద పెట్టాడు. లోపల నా అరచేయంత సాలెపురుగు. ఒళ్ళంతా వెంట్రుకలు.

"ఇది టారంటులా అమ్మా. చిలీ దేశపుది, కాగితాలన్నీ ఉన్నయ్. పేరు రోజీ. జెస్సికా పెంచుకుంటున్నది. ఆమె పానమంతా దీంట్లనే ఉంది. ఆడ క్వార్టర్ దొరికేదాక నువ్వే చూడాలె" అన్నాడు.

మీ మామయ్య ఊరుకుంటారా? "సాలెపురుగు ఇంట్లకొస్తే చెప్పు తీస్తరు. నువ్వు పెట్టెల పెట్టి, పేరు పెట్టి తెచ్చినవేందిరా?" అని గొంతెత్తారు.

నేను మాత్రం కాదనలేదు. మీ పెళ్ళయి ఏడాదైంది. నేను మాటకారిని కాను. నీతో తీరిగ్గా కూర్చుని నాలుగు మాటలు మాట్లాడింది లేదు. అత్తమ్మకు నేనంటే ఇష్టం లేదేమో అని నువ్వు అనుకుంటున్నావేమోనని నాకు లోపల ఒక బాధ. నోటితో చెప్పలేనిది చేతులతో చూపించమని దేవుడే ఈ పెట్టె పంపాడనుకున్నాను. నీకు ప్రాణమైంది మాకూ ప్రాణమే.

ఒక్కటే ఇబ్బంది. దానికి బొద్దింకలు కావాలట, అదీ మందు కొట్టని ఇంటివి. మన ఇంట్లో లేవు. పక్కింటి సుజాత దగ్గరికి వెళ్ళి మెల్లగా అడిగాను: "వదినా, మీ వంటింట్ల బొద్దింకలున్నయా?"

"కోడలు నర్సయినంక మా ఇండ్లు నీకు గలీజుగ కనపడుతున్నయా?" అని తలుపేసుకుంది. ఇంకా మాట్లాడడం లేదు.

ప్రార్థనలో నిన్ను తలుచుకునే
అత్తమ్మ

తా.క.: రోజీని టీ వడకట్టే జల్లెడ అడ్డం పెట్టుకుని చూస్తున్నాను. జల్లెడ దేనికో నాకే తెలియదు. కొంచెం ధైర్యంగా ఉంటుంది.


చర్ల వైపు నుంచి,
ఆదివారం.

గౌరవనీయులైన అత్తమ్మకు వందనాలు.

మీ ఉత్తరం అందింది. హెల్త్ సెంటర్ మెట్లమీద కూర్చుని చదివాను. మళ్ళీ రాత్రి చదివాను. నాకోసం మీరు సుజాత అత్తయ్యతో కూడా మాట పడ్డారు. చాలా థాంక్స్ అత్తమ్మా.

రోజీ విషయం. శనివారం మీటింగుకు భద్రాచలం వెళ్ళినప్పుడు సిగ్నల్ దొరికింది. అన్నీ మళ్ళీ ఒకసారి కనుక్కుని రాస్తున్నాను. చిన్న మూతలో నీళ్ళు పెట్టండి. ఎండ తగలనివ్వకండి. వారానికి ఒక పురుగు చాలు. దాని ఆరు కాళ్ళూ నిండుగా, బలంగా ఉన్నాయో లేదో చూస్తుండండి.

మీ కోడలు
జెస్సికా

తా.క.: దాన్ని చేతిలోకి మాత్రం తీసుకోకండి. నేనైతే ఎప్పుడూ తీసుకోను.

ఇంకో తా.క.: క్వార్టర్ ఇప్పట్లో దొరికేలా లేదు. తొందరేమీ లేదు. అసలు తొందర లేదు.


ఇల్లందు,
శ్రమదినాల ఉపవాసాల్లో మూడో వారం.

ప్రియమైన బిడ్డకు,

నీ ఉత్తరం చూసినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. రోజీకి ఆరు కాళ్ళని రాశావు. నేను లెక్కపెడితే ఎనిమిది వచ్చాయి. అనుమానమొచ్చి మామయ్యను పిలిచాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, వంగి చూసి, "ముందర ఇంకో రెండు పొట్టియి ఉన్నయ్. పది" అన్నారు. నీ దగ్గర ఆరున్నవి నా దగ్గర పదయ్యాయి. నేను తిండి ఎక్కువ పెట్టానా? నిజం చెప్పు, కోపగించుకోను.

కానీ ఇప్పుడది తినడమే మానేసింది. భస్మ బుధవారం నుంచి ఏమీ ముట్టడం లేదు. ఎలాగో సంపాదించిన బొద్దింక ముందు నుంచి నడిచిపోయినా మొహం తిప్పుకుంటుంది. మొదట భయపడ్డాను. తర్వాత అది ఏ రోజు నుంచో లెక్క చూసుకుంటే ఒళ్ళు జలదరించింది. మనం ఉపవాసాలు మొదలుపెట్టిన రోజే ఇదీ మొదలుపెట్టింది!

ఈ మాట స్త్రీల మైత్రి కూడికలో నోరు జారాను. అందరూ మనింటికి వచ్చి చూశారు. సుజాత కూడా వచ్చింది. "నోరులేని పురుగు ఉపవాసముంటే, మనం మీటింగైనంక మిర్చి బజ్జీలు తింటమా?" అని తనే అంది. ఆ వారం నుంచి బజ్జీలు బంద్. ఉపవాస ప్రార్థనకు వచ్చేవాళ్ళు పెరిగారు. చర్చి పాస్టరు, మన అయ్యగారు జస్టిన్ గారు సంతోషపడి, "నా ప్రసంగాలు మీ హృదయాలను తాకుతున్నాయి" అన్నారు. రోజీ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఒక మాట రాయాలి. దాని ముందు కూర్చుంటే నాకు పొద్దు తెలియడం లేదు. మూతలో నీళ్ళు పోస్తే మెల్లగా వంగి తాగుతుంది. పెట్టెలో పరిచిన కొబ్బరిపీచు కొంచెం కొంచెంగా నోటపట్టి మూలకు మోసుకెళ్ళి, దానిమీద సన్నని పట్టు పరుచుకుంటుంది. ఒక కాలు ఎత్తి, ఆగి, ఆలోచించుకుని దించుతుంది. దేనికీ హడావుడి లేదు. ఇంత నిదానంగా బతికే ప్రాణిని చేసి నా బల్లమీద పెట్టిన దేవునికి, దాన్ని నాకు నమ్మి ఇచ్చిన నీకు వందనాలు చెప్పుకుంటున్నాను.

ఇట్లు
అత్తమ్మ

తా.క.: మామయ్యకు చేతులమీద దద్దుర్లు లేచాయి. గనిలో దుమ్ము పడలేదంటున్నారు. ఏదైనా మందు రాయి.

ఇంకో తా.క.: జల్లెడ తిరిగి టీకే వాడుతున్నాను.


చర్ల వైపు నుంచి,
గురువారం.

అత్తమ్మకు వందనాలు.

ఎనిమిది కాళ్ళే ఉండాలి. ముందరి రెండు పొట్టివి కాళ్ళు కావు, చేతుల్లాంటివి. ఆరని రాయడం నాదే పొరపాటు. మీ పెంపకంలో ఏ లోపమూ లేదు, హాయిగా పడుకోండి.

మామయ్య దద్దుర్లు గని దుమ్మువి కావు. రోజీ విసుగొస్తే వెనక కాళ్ళతో పొట్టమీది నూగు దులుపుతుంది. అది తగిలితే దురద. పెట్టె మూత తీసి దగ్గరికి పోయిన వాళ్ళకే తగులుతుంది. మామయ్యను మెల్లగా అడగండి.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. రోజీది ఉపవాసం కాదు. పాము కుబుసం విడిచినట్టు ఇది పాత చర్మం విడుస్తుంది. దానికి ముందు తిండి మానేస్తుంది. ఒకరోజు వెల్లకిలా పడుకుంటుంది. అచ్చం చచ్చిపోయినట్టే ఉంటుంది. చచ్చిపోదు! ముట్టుకోకండి, కదపకండి, దయచేసి పాతిపెట్టకండి.

మీ కోడలు
జెస్సికా

తా.క.: కల్వర్టు పని వల్ల ఇటు బస్సు రావడం లేదని ఇప్పుడే తెలిసింది. ఈ ఉత్తరం మీకెప్పుడు చేరుతుందో. దేవుడే కాపాడాలి, రోజీని.


ఇల్లందు,
గుడ్ ఫ్రైడే సాయంత్రం.

బిడ్డా జెస్సికా,

ఏ మొహం పెట్టుకుని రాయను? రోజీ పోయింది.

తెల్లవారి లేచి చూస్తే వెల్లకిలా పడి ఉంది. కాళ్ళు పైకి ముడుచుకుంది. పిలిచాను, పలకలేదు. ఎప్పుడూ పలకలేదనుకో, కానీ ఈసారి వేరుగా ఉంది. నీ ప్రాణాన్ని నా చేతుల్లో పెడితే నిలబెట్టలేకపోయాను. దగ్గరవుదామనుకున్నదాన్ని ఇక నీకు మొహమెలా చూపించను?

షాలేమ్‌రాజుకు ఫోన్ చేయలేదు. వాడు నీకు చెప్తే మీ ఇద్దరి మధ్య మాటలొస్తాయి. నేనే చెప్పుకోవాలి.

మీ మామయ్య పార తీసుకుని కరివేపాకు చెట్టు కింద గుంత తీశారు. సబ్బు పెట్టెలో పాత లుంగీ ముక్క కూడా పరిచారు. "పెట్టెయ్యే, చీమలొస్తయ్" అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఇంతకాలం మనతో ప్రార్థనలో ఉన్నదాన్ని ప్రార్థన లేకుండా పాతిపెడతామా? అయ్యగారు మూడు గంటల ఆరాధనకు బోనకల్ వెళ్ళారు. రేపు వస్తారట. పెట్టెమీద నా తెల్ల ముసుగు కప్పి ఉంచాను.

క్షమించమని అడిగే
అత్తమ్మ

తా.క. (శనివారం): బస్సు లేక ఉత్తరం ఇంట్లోనే ఉండిపోయింది. మధ్యాహ్నం అయ్యగారు వచ్చారు. పాపం, నిన్నటి ప్రసంగాలకు గొంతు పోయింది. బైబిల్ తెరిచి, "ఎవరండీ పోయింది?" అని గుసగుసగా అడిగారు. నేను ముసుగు తీశాను. లోపల రెండు సాలెపురుగులున్నాయి! ఒకటి ఎప్పటిలా నిలబడి ఉంది. ఇంకొకటి పక్కన ఖాళీగా పడి ఉంది. మామయ్య "ఒకటి సచ్చి రెండైనయేందే!" అని కుర్చీ ఎక్కారు. అయ్యగారు గుమ్మం దాకా వెనక్కి నడిచి, "విశ్రాంతమ్మ గారూ, వీటిలో దేనికి ప్రార్థన చేయాలె?" అన్నారు.

తా.క. (శనివారం పొద్దుగూకాక): కల్వర్టు బాగైందట. లచ్చిరాం ఇప్పుడే నీ ఉత్తరం ఇచ్చి పోయాడు. చదివి నవ్వాను, ఏడ్చాను, మామయ్యను గుంత పూడ్చమన్నాను.

తా.క. (ఈస్టర్ ఆదివారం): చర్చిలో సాక్ష్యం చెప్పినప్పుడు ఇది అద్భుతమని అనలేదు, భయపడకు. నేను చావు అనుకున్నది దేవుని లెక్కలో కొత్త బట్ట తొడగడమేనని మాత్రం చెప్పి వందనాలు చెల్లించాను. కొత్త ఒంటిమీద రోజీ గులాబీ రంగు మఖమల్‌లా మెరుస్తుంది. స్త్రీల మైత్రి అంతా వచ్చి చూసింది. బజ్జీలు కూడా తెచ్చారు.

ఆఖరి తా.క.: నీకు క్వార్టర్ దొరికిందని షాలేమ్‌రాజు ఫోన్‌లో చెప్పాడు. ఇంక నువ్వు ఎదురుచూడనక్కర్లేదు బిడ్డా. వచ్చే సోమవారం రోజీని ఒళ్ళో పెట్టుకుని బస్సులో నేనే తెస్తున్నాను. నీ మంచం పక్కనే పెట్టుకుందువు.


చర్ల వైపు నుంచి,
ఉత్తరం అందిన గంటలోపే.

అత్తమ్మా,

లచ్చిరాం అన్నను బస్సు కదిలించకుండా ఆపి రాస్తున్నాను. ప్రయాణికులు అరుస్తున్నారు. దయచేసి రోజీని తేకండి.

రోజీ నాది కాదు. మీ అబ్బాయిది. పెళ్ళికి ముందు నుంచీ లారీ ఓనరు షెడ్డులో పెట్టి పెంచుకుంటున్నారు. తనదంటే మామయ్య బయట పారేస్తారని, కోడలిదంటే మీరు కాదనరని నా పేరు చెప్పారట. మీ మొదటి ఉత్తరం చూసేదాకా నాకూ తెలియదు. నేను ఆ పెట్టె దగ్గరికి ఎప్పుడూ పోలేదు. అందుకే కాళ్ళెన్నో తెలియలేదు. శనివారం శనివారం మీ అబ్బాయికి ఫోన్ చేసి, తిట్టి, వివరాలడిగి మీకు రాసేదాన్ని. ఇంజెక్షన్ ఎంతమందికైనా ఇస్తాను గానీ, గోడమీద చిన్న సాలెపురుగు కనపడితే ఆయమ్మ జమ్లిని పిలుస్తాను.

నిజం రాద్దామనే అనుకున్నాను. కానీ మీ ఉత్తరంలో 'నీకు ప్రాణమైంది మాకూ ప్రాణమే' అని ఉంది. మా అమ్మ పోయాక నాకు అలాంటి మాట ఎవరూ చెప్పలేదు. రోజీ నాది కాదంటే ఆ మాట కూడా నాది కాకుండా పోతుందని రాయలేకపోయాను.

అది నాది కాదని తెలిశాక కూడా మీరు నాకు ఉత్తరాలు రాస్తారా అత్తమ్మా?

జెస్సికా

తా.క.: లచ్చిరాం అన్న హారన్ కొడుతున్నాడు.


ఇల్లందు,
శనివారం.

నా బిడ్డ జెస్సికాకు,

రాస్తున్నాను కదా. ఇదిగో.

నీ ఉత్తరం మామయ్యకు చదివి వినిపించాను. ఆయన చాలాసేపు నవ్వారు. తర్వాత, "పోరనిది అయితే ఏంది, పొద్దున మూత తీసి పలకరించేది నేనే గదా" అన్నారు. దద్దుర్ల సంగతి అలా బయటపడింది.

నేనూ ఒకటి చెప్పాలి. ఆ పెట్టె వచ్చిన రాత్రి భయంతో నాకు జ్వరం వచ్చింది. నీదని గనక దగ్గరికి పోయాను. నీదని గనక కళ్ళు తెరిచి చూశాను. అలా చూస్తూ చూస్తూ ఎప్పుడు ఇష్టపడ్డానో తెలియదు. కొడుకు ఆడిన అబద్ధానికి దేవునికి వందనాలు చెప్పకూడదు, తెలుసు. అందుకని ఆ అబద్ధం వల్ల దొరికిన కోడలికి, సాలెపురుగుకు విడివిడిగా చెప్పుకుంటున్నాను.

రోజీ ఇక్కడే ఉంటుంది. ఎవరడిగినా ఇచ్చేది లేదు. సోమవారం నేనొక్కదాన్నే వస్తాను. చేపల పులుసు, కొత్త దుప్పటి తెస్తున్నాను. నువ్వు సెలవు దొరికి ఇక్కడికి వస్తే గడప దగ్గరే నిలబడు. చూడాలనిపిస్తే చూడు, లేకుంటే పెట్టెమీద ముసుగు కప్పుతాను. ఈసారి మాత్రం తీరిగ్గా కూర్చుని మాట్లాడుకుందాం. నాకు మాటలు వస్తున్నాయి, చూశావు గదా.

నిన్ను కన్న తల్లిలాగే తలుచుకునే
అమ్మ

తా.క.: ఇది మూసేలోపు షాలేమ్‌రాజు ఫోన్ చేశాడు. మామయ్య స్పీకర్ పెట్టారు. "అమ్మా, జెస్సికా ఇంకోటి కావాలని ఒకటే ఏడుస్తున్నది. కాగితాలతోని తెస్తున్న, కొన్నాళ్ళు నువ్వే ఉంచుకోవాలె" అన్నాడు. నేను మెత్తగా, "అవ్ కొడుకా, పాపం పిల్ల తట్టుకోలేదు, జల్దీ తీసుకురా" అన్నాను. మామయ్య అప్పటికే బల్లమీద రెండో పెట్టెకు జాగా కొలుస్తున్నారు.