సొల్‌ఫ్రిడ్ వద్దన్న టోపీలు

హాల్వర్,

చేపల సూపు పొయ్యి మీద ఉంది. పాలు పోశాను, సన్నమంట మీదే వేడి చెయ్యి, మరిగితే విరిగిపోతుంది. పిల్లి బయటే ఉంది, అరిస్తే తలుపు తియ్యి.

నేను టోపీలూ మఫ్లర్లూ సంచిలో వేసుకుని బడికి పోతున్నాను. నిన్న చర్చి హాల్లో జరిగింది నీకు సగమే చెప్పాను. శరణార్థుల పిల్లల కోసం నేను క్రోషే సూదితో అల్లినవి చూసి కమిటీ పెద్ద సొల్‌ఫ్రిడ్, "క్రోషే అంటే అన్నీ కన్నాలే కదా రాగ్నా, గాలి దూరుతుంది. మన కమిటీ పరువు పోతుంది" అంది. లోపల మెత్తటి గుడ్డ వేసి కుట్టానని తిప్పి చూపించినా వినలేదు. అప్పటికే లయాల్ అనే చిన్నపిల్ల ఎర్రటోపీ పెట్టుకుని అద్దంలో చూసుకుని మురిసిపోతోంది. సొల్‌ఫ్రిడ్ వెళ్లి ఆ టోపీని పిల్ల నెత్తి మీంచి లాగేసింది. పిల్ల ఏడవలేదు. రెండు చేతులతో చెవులు మూసుకుని అలాగే నిలబడింది.

నువ్వేమో "పోనీలే, ఆవిడతో గొడవెందుకు" అన్నావు. పోనివ్వను. ఎవరి అనుమతీ అడగను. బడి గేటు దగ్గర నిలబడి నా చేత్తో నేనే ఆ పిల్లల తలలకు పెడతాను. సొల్‌ఫ్రిడ్ ఫోన్ చేస్తే ఎక్కడున్నానో చెప్పు. ఆ మంచులోకి వచ్చి నా ముందు లాగమను, చూద్దాం.

రాగ్నా

నీ గోధుమరంగు స్వెట్టర్ కోసం వెతక్కు. ఊలు చాలక విప్పేశాను, ముగ్గురు పిల్లలకు టోపీలయ్యాయి. కోపం వస్తే గేటు దగ్గరికే వచ్చి తిట్టు. వచ్చినవాడివి ఎలాగూ సంచి పట్టుకుంటావు.